చక్రం కింద చెక్క

ఈ ఉదయం మా వీధి కుళాయి కింద ఎవరిదో ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె నిండిపోయి, నీళ్ళు రోడ్డు మీదికి పారుతున్నాయి. అక్కడ రోజూ వరస కోసం గొడవ జరుగుతుంది. ఇవాళ ఒక్కరూ లేరు. కుళాయి కట్టేసి వెనక్కి తిరిగేసరికి అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

“మీ ట్రాక్టర్ తాతగారు పోయారే. తెల్లవారుజామున, నిద్దట్లోనేనంట. అందరూ అక్కడికే వెళ్ళారు” అంది.

ఆయన మాకు చుట్టం కాదు. తణుకు దగ్గర మా ఊళ్ళో, నేను పదో తరగతి దాకా చదివిన కాన్వెంటు స్కూల్లో ఆవరణ పనంతా ఆయన చూసేవారు. గడ్డి కోయడం, ఆకులు ఎత్తడం, చెట్లకు నీళ్ళు పెట్టడం, వార్షికోత్సవానికి బెంచీలు చేరవెయ్యడం. అన్నీ ఒక్క పాత చిన్న ట్రాక్టర్‌తో. అందుకని పిల్లలందరికీ ఆయన ట్రాక్టర్ తాతగారు. ఇల్లు మా వీధి చివర, కాలువ గట్టు పక్కన.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆ ట్రాక్టర్ స్కూలుకు వచ్చింది. ఒక కొబ్బరితోట రైతు పెద్దది కొనుక్కుని, చెట్ల మధ్య తిరిగే ఈ చిన్నదాన్ని స్కూలుకు ఇచ్చేశారు. అది అప్పటికే నడవడం మానేసి చాలాకాలమైంది. వ్యానుకు తాడు కట్టి లాక్కొచ్చారు. సీటు ఉండాల్సిన చోట మడతపెట్టిన గోనెసంచి ఉంది. అప్పటి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ చూసి, “మ్యూజియంకు పంపాల్సింది మనకు పంపినట్టున్నారు” అన్నారట. తాతగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇంజను మీద చెయ్యి వేసి, “ఊపిరుందండి సిస్టరమ్మా. నాకొదిలెయ్యండి” అన్నారట.

వేసవి సెలవుల తరవాత మేం తిరిగి వచ్చేసరికి అది నడుస్తోంది. పాత స్కూటర్ సీటు పెట్టారు. లారీ స్ప్రింగు పట్టీల ముక్కలు కోసి, సానబెట్టి, గడ్డి కోసే కత్తులు చేశారు. రాళ్ళు ఎగిరి పిల్లలకు తగలకుండా వాటి చుట్టూ గొలుసుల తెర వేలాడదీశారు. బ్రేకులకు అసలు సామాను ఎక్కడా దొరకలేదు. పాత జీపు బ్రేకు లైనింగు తెచ్చి, కొలతకు అరగదీసి, రివెట్లు కొట్టారు. అన్నిటికంటే మాకు నచ్చింది చీపురు. ఒక దుంగకు చుట్టూ కొబ్బరి ఈనెలు దట్టంగా బిగించి, ట్రాక్టర్ వెనక షాఫ్టుకు బెల్టుతో కలిపారు. బండి కదిలితే అది గిరగిరా తిరుగుతూ బాదం ఆకుల్ని ఒక పక్కకు ఊడ్చుకుంటూ పోయేది. ఈనెలు నెలకోసారి అరిగిపోయేవి. అరుగు మీద కూర్చుని మళ్ళీ కట్టుకునేవారు.

మా స్కూలు పల్లంలో ఉంటుంది. వానాకాలం గ్రౌండంతా నీళ్ళు నిలుస్తాయి. అందుకని ట్రాక్టర్ షెడ్డును మెరక మీద వేశారు. అక్కడి నుంచి గ్రౌండులోకి ఒక వాలు దారి. షెడ్డులో బండి ఆపాక ఆయన బ్రేకు బిగించి, దిగి, తాటిమొద్దుతో చేసిన రెండు ఎర్రరంగు చెక్కల్ని వెనక చక్రాల కింద కాలితో తన్ని గట్టిగా దూర్చేవారు. బ్రేకు ఉంది కదా, ఇవెందుకని ఒకసారి అడిగాను.

“బ్రేకు నా పనండి, చెక్క నా భయం. రెండూ ఉండాలి” అన్నారు.

ఏడో తరగతి పిల్లకు కూడా అండీ అనే చెప్పేవారు. నన్ను పాపగారూ అని పిలిచేవారు. నాకు అంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆటల పీరియడంటే నాకు వణుకు. బంతి నా వైపు వస్తే కళ్ళు మూసుకునేదాన్ని. టీచరు విసిగి వదిలేశాక, షెడ్డు నీడలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

“అది ఇంగ్లీషేనాండి?”

“అవునండి.”

“కథేనా?”

“కథేనండి.”

“అయితే దీని కథేంటో కూడా కాస్త చూసి పెడతారా?” అని నూనె మరకలతో అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ఇచ్చారు. ట్రాక్టర్‌తో పాటు వచ్చిన మాన్యువల్. జపాను ఇంజను, ఇంగ్లీషు పుస్తకం.

ఆ రోజు నుంచి వారానికి రెండు ఆటల పీరియడ్లు నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన పని చేసుకుంటూ వినేవారు. డీజిల్ గిన్నె అడుగున నీరు చేరితే ఎలా తియ్యాలో, పైపులో గాలి చిక్కుకుంటే ఏ నట్టు ముందు వదులు చెయ్యాలో అలాగే నేర్చుకున్నాను. నా గొంతు ఎప్పుడూ లోపలే ఉండిపోయేది.

“నాకే వినపళ్ళేదు, ఇంజనుకేం వినపడుద్దండి? గట్టిగా చెప్పండి పాపగారూ.”

ఒకచోట, బండిని ఎప్పుడూ పొడిగా, సమంగా ఉన్న నేల మీదే నిలపాలని ఉంది. చెప్పాను. ఆయన స్పానర్ కింద పెట్టి, నీళ్ళు నిలిచిన గ్రౌండు వైపు తేరిపార చూశారు.

“పొడినేలంట! రాసినాయన మన శ్రావణమాసం చూసుండడండి.”

పకపకా నవ్వేశాను. ఆ స్కూల్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఆ పుస్తకంలో ఆయన చేతులకు తెలియనిది చాలా తక్కువని తరవాత అర్థమైంది. ఒకటి రెండు కొలతలు మాత్రం షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నారు. మిగతాదంతా నాచేత ఎందుకు చదివించారో నేను ఎప్పుడూ అడగలేదు.

దసరాకు బండిని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టేవారు. కాన్వెంటులో కుదురుతుందా అని మాకు భయం. మొదటి ఏడాది సిస్టర్ షెడ్డు ముందు నుంచి నడుస్తూ ఆగారు.

“ఏంటిది?”

“ఆయ్, కడిగానండి సిస్టరమ్మా.”

“బొట్టు కూడా కడిగితే వచ్చిందా?”

ఆయన తల వంచుకున్నారు. సిస్టర్ గొడుగు తెరిచి, “నేనేమీ చూడలేదు” అని వెళ్ళిపోయారు. స్కూల్లో ప్రార్థన జరిగే పావుగంటా ఆయన ఇంజను ఆపేసి, సీటు దిగి నిలబడేవారు. పరీక్షల రోజుల్లో అసలు బండే తీసేవారు కాదు. ఆకులు చేత్తో ఊడ్చుకునేవారు.

ఆ సిస్టర్ బదిలీ మీద వెళ్ళిపోయారు. స్కూలు పనులు చూడడానికి కమిటీ వచ్చింది. నేను డిగ్రీ, లైబ్రరీ సైన్సు చదివి నిరుడు ఇంటికి వచ్చాను. ఊరికే ఉండడమెందుకని స్కూలు లైబ్రరీలో పాత పుస్తకాలు సర్దడానికి వెళ్తుండేదాన్ని. లైబ్రరీ కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం తాతగారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. కమిటీలో ఒక పెద్దాయన కారు గ్రౌండులో ఎండలో ఉంది. ఆయన ఫోనులో మాట్లాడుతూనే డ్రైవరుకు షెడ్డు చూపించి, కారు నీడకు పెట్టడానికి ట్రాక్టర్ జరపమన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళారు. డ్రైవరు ఎర్రచెక్కలు రెండూ కాలితో తన్ని తీశాడు. బ్రేకు వదిలి, గేరు తప్పించి, భుజం పెట్టి నెట్టాడు. అంతే. బండి వాలులో తిన్నగా దిగి, మంచినీళ్ళ కుళాయిల గోడను కొట్టుకుని ఆగింది. పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్ళు మాత్రం పైకి చిమ్మాయి. డ్రైవరు అటూ ఇటూ చూసి కారు బయటికి తీసుకుపోయాడు.

సాయంత్రానికి మాట సిద్ధమైపోయింది. ముసలాయన సొంతంగా చేసిన బ్రేకులు ఫెయిలయ్యాయి.

కమిటీ సమావేశం పెట్టారు. పూర్వ విద్యార్థినుల తరఫున ఒకరు ఉండాలని నన్నూ కూర్చోమన్నారు. ముందురోజు సాయంత్రం తాతగారు మా గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు.

“మీరు కిటికీలోంచి చూశారని మీ అమ్మగారు చెప్పారండి.”

“చూశానండి.”

“చెక్క తీసిందెవరో చెప్పక్కర్లేదు పాపగారూ. ఆ డ్రైవరుకీ పిల్లలున్నారు. చెక్క పెట్టుంది, బ్రేకు పడుద్ది. ఆ రెండు ముక్కలూ చెప్పండి చాలు. బండి ఉంచుతారు. బండి ఉంటే నన్నూ ఉంచుతారు.”

“చెప్తానండి” అన్నాను.

“గట్టిగా చెప్పాలండోయ్” అని నవ్వి వెళ్ళారు.

మర్నాడు సమావేశంలో టీ, బిస్కట్లు ఇచ్చారు. ఆ పెద్దాయనే మాట్లాడారు. “జీపు ముక్కలు తెచ్చి ట్రాక్టర్‌కు అతికించాడండీ! ఇది స్కూలా, మెకానిక్ షెడ్డా? రేపు ఒక పిల్లకేమన్నా అయితే?” అన్నారు. ఆవరణ పని ఒక కంపెనీకి ఇచ్చేద్దామన్నారు. కొత్త హెడ్‌మిస్ట్రెస్ అందరి వైపూ చూసి అడిగారు, “జరిగింది ఎవరైనా కళ్ళారా చూశారా?”

ఆమె చూపు నా దగ్గర కాసేపు ఆగింది. నేను నా కప్పులోకి చూశాను. టీ మీద మీగడ కట్టింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆమె కాగితం తిప్పారు.

ఆయన్ను మానిపించారు. ట్రాక్టర్‌ను పాత ఇనుము కింద అమ్మేశారు. ఇనుము లారీ వచ్చే రోజు పొద్దున్నే ఆయన గ్రీజు గన్ తెచ్చుకుని, ఉద్యోగంలో ఉన్నట్టే చక్రాలన్నిటికీ గ్రీజు ఎక్కిస్తున్నారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

లారీ మనిషి నవ్వాడు. “ఏంటి తాతా, కోసి పారేసేదానికి గ్రీజెందుకు?”

“లాగేటప్పుడు చక్రం కీచుమంటదండి. లోపల పిల్లలు పరీక్ష రాసుకుంటున్నారు.”

చప్పుడు లేకుండానే వెళ్ళింది. క్లాసుల్లో ఎవరూ తలెత్తి ఉండరు. ఇప్పుడు ఆవరణ పనికి నెలకోసారి కంపెనీ మనుషులు వస్తారు. మోత పెట్టే యంత్రాలతో, సరిగ్గా క్లాసులు జరిగే వేళకే వస్తారు. బాదం ఆకులు కుప్పలుగా కుళ్ళుతున్నాయి. ఈ మాటలు కక్షతో రాస్తున్నానని ఎవరైనా అంటే, కాదనను.

ఆ తరవాత వీధిలో ఆయన ఎదురుపడితే నేనే తప్పుకుని తిరిగాను. ఒకరోజు కుదరలేదు. కాలువ గట్టు మీద సైకిలు ఆపి, ఎప్పటిలాగే నవ్వారు.

“మీరు చెప్పే ఉంటారు లెండి పాపగారూ. వాళ్ళు వినిపించుకోకపోతే మీరేం చేస్తారు?”

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. “వస్తానండి” అన్నాను.

ఇవాళ పొద్దున ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టారు. గోళ్ళ చివర నలుపు ఇంకా పోలేదు. స్కూలు నుంచి పూలదండ వచ్చింది, ఆయన ఛాతీ కంటే వెడల్పు. కమిటీ పెద్దాయన కూడా వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. “మన స్కూలుకు ఆయన చేసిన సేవలు మరువలేనివండి” అన్నారు. అందరూ తలూపారు. ఆయన ఆ ట్రాక్టర్‌కు ఏమేం చేశారో, ఏ చెక్క ఎందుకు పెట్టారో ఆ పెద్దాయనకు తెలియదు. తెలిసిన మనిషిని నేను. నేనూ తలూపాను.

ఆయన భార్య నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“వచ్చినోళ్ళందరికీ చెప్పేవారమ్మా. ఆ పెద్దోళ్ళందరి మధ్యా మావైపు మాట్లాడింది పాపగారొక్కరేనని. పిరికిపిల్ల, ఎంత ధైర్యం చేసిందోనని. మొన్న జ్వరంలో కూడా అన్నారు.”

ఆమె చెయ్యి వేడిగా ఉంది. నేను విడిపించుకోలేదు.

అందుకే రాస్తున్నాను. బ్రేకు బాగానే ఉంది. చక్రాల కింద చెక్కలు ఉన్నాయి. నేను చూశాను. ఈ రెండు ముక్కలూ చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఎవరైనా ఇది ఆమెకు చదివి వినిపిస్తారని తెలుసు. వినిపించాలి.

మాట్లాడకపోవడానికి కారణం నా బిడియమని ఏడాదిగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంట్లో వాళ్ళూ అదే నమ్ముతారు. ఆ రోజు సమావేశంలో ట్రాక్టర్ తరవాతి అంశం లైబ్రేరియన్ ఉద్యోగం. బల్ల మీద ఉన్న ఒకే ఒక్క దరఖాస్తు నాది.