ఆ ఏడాది గెలిచినవాళ్ళు, మా అత్తయ్యగారు

నాకు ఆటలంటే పడేది కాదు. బళ్ళో గేమ్స్ పీరియడ్ వచ్చిందంటే కడుపునొప్పని చెప్పి క్లాసులోనే కూర్చునేదాన్ని. అలాంటి నేను, రెండువేల ఒకటో సంవత్సరంలో ఏ ఆటలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. మా అత్తయ్యగారి వల్ల వచ్చిన విద్య అది.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. భీమవరంలో మా చర్చికి రెండు వీధుల అవతల చిన్న డాబా ఇల్లు. మా ఆయన ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రొయ్యల చెరువులు పట్టి ఐసు కోసం లారీలు బారులు తీరే రోజుల్లో ఆయన ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. మామయ్యగారు మా పెళ్ళికి ముందే పోయారు. పగలంతా ఇంట్లో నేనూ అత్తయ్యగారే.

ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యారు. ఏటా పిల్లల్ని రింగు విసిరి ఆడే టెన్నికాయిట్ పోటీలకి బస్సుల్లో తిప్పిన మనిషి. ఏ ఆటైనా సరే, టీవీలో వస్తోందంటే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. కరెంటు పోతే రేడియో. ఆవిడకి వచ్చిన హిందీ అంతా క్రికెట్ కామెంటరీ హిందీయే. చౌకా అంటే ఫోరు, ఛక్కా అంటే సిక్సరు, ఇవి తప్ప ఇంకో మాట రాదు గానీ, రేడియోలో గొంతు వినే ఎవరు కంగారులో ఉన్నారో చెప్పేసేవారు.

నేను బీఈడీ చేసి టీచరు పోస్టుల పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ కొద్దిలో పోయింది. సబ్జెక్టు బాగానే రాసేదాన్ని. జనరల్ నాలెడ్జిలో దెబ్బతినేదాన్ని, అందులోనూ క్రీడల దగ్గర. అందుకని ఆ ఏడాది పొద్దున్నే లేచి గైడు పట్టుకుని వరండాలో తిరుగుతూ బట్టీ పట్టడం మొదలుపెట్టాను. "థామస్ కప్ బ్యాడ్మింటన్, డేవిస్ కప్ టెన్నిస్, రంజీ ట్రోఫీ క్రికెట్..."

మార్చి నెలలో ఒక సోమవారం అత్తయ్యగారు పేపరు పట్టుకుని వరండాలోకి వచ్చారు.

"ఏంటమ్మాయ్, రోజూ ఆ పేర్లు ఎక్కాల్లా చదువుతున్నావు?"

"పరీక్షకండి. ఎంత చదివినా సాయంత్రానికి కలగాపులగం అయిపోతున్నాయండి."

"అవవూ మరి? ఆట చూడకుండా గెలిచినవాడి పేరొక్కటే గుర్తుపెట్టుకోమంటే ఎవరికి ఉంటుంది? ఇది చూడు." పేపర్లో ఫొటో చూపించారు. మన తెలుగువాడు ఇంగ్లండు వెళ్ళి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడట. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత మన దేశానికి వచ్చిన టైటిల్. "మోకాలికి ఆపరేషన్ అయిన కుర్రాడమ్మా. ఇంక ఆడలేడన్నారు అందరూ. ఇప్పుడు చెప్పు, మర్చిపోతావా?"

మర్చిపోలేదు. ఆ రోజు నుంచి గైడులో క్రీడల పేజీలు మూసేసి ఆవిడ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ వారమే కలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు మ్యాచ్ జరుగుతోంది. మనవాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో కుప్పకూలారు. వెనకపడ్డారు కాబట్టి మళ్ళీ మీరే ఆడండని ఆస్ట్రేలియావాళ్ళు ఫాలో ఆన్ ఇచ్చారు. వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన జట్టు అది. మా ఆయన టిఫిను తింటూ, "అయిపోయిందమ్మా, ఇంకేం చూస్తావు?" అన్నారు. ఆవిడ కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నారు.

బుధవారం పొద్దున్న ఇద్దరు బ్యాట్స్‌మెన్ ఆట మొదలుపెట్టారు. అందులో ఒకాయన మన హైదరాబాదాయన. నేను టీవీ ముందు పేపరు పరిచి రొయ్యలు ఒలుస్తున్నాను. లంచ్ అయింది, టీ అయింది, ఆ ఇద్దరూ అవుటవ్వలేదు. మధ్యలో కూర పొయ్యి మీద వెయ్యడానికి లేవబోతే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"కదలకు. నువ్వు కూర్చున్నప్పట్నుంచీ వికెట్ పడలేదు."

"రొయ్యలు పాడైపోతాయండీ!"

"పోతే పోనియ్. ఈ పూట పచ్చడన్నం తిందాం."

నిజంగానే పచ్చడన్నమే తిన్నాం, అదీ టీవీ ముందే. సాయంత్రం ఆట ఆగేదాకా ఒక్క వికెట్టూ పడలేదు. అవి ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాసాల లెంట్ రోజులు. బుధవారం సాయంత్రాలు చర్చిలో ప్రార్థన ఉండేది. ఆ రోజు చర్చికి నడుస్తూ ఆవిడ, "దేవుణ్ణి ఆటల్లోకి లాగకూడదమ్మా," అన్నారు. కానీ మోకరించిన ఆవిడ అందరికన్నా ఆలస్యంగా లేచారు. మర్నాడు మనవాళ్ళు గెలిచారు. వీధిలో టపాసులు పేలుతుంటే అత్తయ్యగారు కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను. నా నోట్‌బుక్‌లో ఆ మ్యాచ్ గురించి రెండు పేజీలు రాసుకున్నాను. పరీక్షకి ఒక్క లైను చాలు.

జూలై మొదట్లో నాకు ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం ఇస్తామన్నారు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పని. అందులో చేరితే చదవడం కుదరదు. అప్పటికే నాలో ఓపిక అయిపోయింది. చుట్టాలు ఎవరు వచ్చినా "ఇంకా చదువుతూనే ఉందా?" అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోయేదాన్ని. ఒక సోమవారం సాయంత్రం ఆవిడతో అన్నాను, "అత్తయ్యగారూ, ఈసారి పరీక్ష రాయనండి. రేపే స్కూల్లో చేరిపోతాను."

"సరే, నీ ఇష్టం. ఇలా వచ్చి కూర్చో, వింబుల్డన్ ఫైనల్ మొదలవుతోంది."

వానల వల్ల ఆదివారం జరగాల్సిన ఫైనల్ సోమవారానికి వచ్చింది. గడ్డం పెంచుకున్న ఒక క్రొయేషియా ఆటగాడు ఆడుతున్నాడు. అంతకుముందు మూడుసార్లు ఫైనల్‌కి వచ్చి మూడుసార్లూ ఓడినవాడట. భుజం నొప్పితో ర్యాంకు పడిపోతే, నిర్వాహకులు దయతలచి వైల్డ్‌కార్డ్ ఇచ్చి ఆడనిచ్చారని అత్తయ్యగారు చెప్పారు. మ్యాచ్ ఐదో సెట్ దాకా లాగింది. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు అతనిదే. ఆ పాయింటు చేతులారా పోగొట్టుకున్నాడు. రెండోసారి వచ్చింది, మళ్ళీ పోగొట్టుకున్నాడు. మూడోసారీ అంతే. నేను లేచి నిలబడిపోయాను. నాకే తెలియకుండా, "అయ్యో, కొట్టవయ్యా!" అని అరిచాను. నాలుగోసారి గెలిచి, గడ్డి మీద బోర్లా పడిపోయాడు.

అత్తయ్యగారు టీవీ వాల్యూం తగ్గించి నా వైపు తిరిగారు. "ఇతను ఫైనల్‌కి రావడం నాలుగోసారి. నీది మూడోసారే కదమ్మాయ్." అంతే అన్నారు. మర్నాడు నేను ఆ స్కూల్‌కి వెళ్ళలేదు.

ఆగస్టు చివర్లో ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. శుక్లం తీశారు. కొన్ని వారాలు టీవీ చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మొదటి రెండు రోజులు ఇల్లు మూగబోయినట్టుంది. మూడో రోజున ఆవిడే కుర్చీని గోడవైపు తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చుని, "పెట్టవమ్మా. నువ్వు చూసి చెప్పు, నేను వింటాను," అన్నారు.

అలా నేను కామెంటేటర్నయ్యాను. మొదట్లో తిట్లు తిన్నాను. "బంతి అటు వెళ్ళిందండి" అంటే, "ఎటు? ఎవరివైపు? ముందుకొచ్చి కొట్టాడా, వెనక్కెళ్ళి కొట్టాడా?" అనేవారు. సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్న, చర్చికి తయారవుతూ, అమెరికాలో టెన్నిస్ ఫైనల్ ఆవిడకి చెప్పాను. సొంత అక్కచెల్లెళ్ళిద్దరు తలపడ్డారు. నేను తడి జుట్టుతో నిలబడి ఒక్కో షాటూ చెప్తుంటే, ఆవిడ గోడనే చూస్తూ తల ఊపుతున్నారు.

"అక్క గెలిచిందండి."

"ఎగిరి గంతేసిందా?"

"లేదండి. వెళ్ళి చెల్లెల్ని పట్టుకుంది."

ఆవిడ తల ఊపడం ఆపారు. తర్వాత, "వాళ్ళమ్మ ఎటు చూస్తుందో పాపం," అన్నారు. ఆవిడకీ ఇద్దరు చెల్లెళ్ళు ఉండేవారని, వాళ్ళు చిన్నతనంలోనే పోయారని, వాళ్ళతో ఇంటి వెనక పరుగు పందేలు వేసేదాన్నని ఆ రోజే నాకు చెప్పారు. మేం చర్చికి ఆలస్యంగా వెళ్ళాం.

అక్టోబరులో మన కుర్రాళ్ళు ఆస్ట్రేలియాలో జూనియర్ హాకీ ప్రపంచ కప్పు గెలిచారు. అది మేం చూడలేదు. పేపర్లో వచ్చిన నాలుగు పేరాలూ చదివి వినిపిస్తే, ఒక్కో గోలూ ఎలా పడి ఉంటుందో ఆవిడ తన ఊహలోంచి నాకు చెప్పారు.

ఏడాది చివర్లో ఏలూరులో పరీక్ష రాశాను. అంత చేస్తే, క్రీడల నుంచి వచ్చిన ప్రశ్నలు ఎంచితే రెండే. వాటిలో ఒకటి కబడ్డీ జట్టులో ఎంతమంది ఉంటారని. నవ్వొచ్చింది. పక్క బెంచీ అమ్మాయి నా వైపు వింతగా చూసింది.

ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చిన రోజు, కొట్టు దగ్గరే నా హాల్‌టికెట్ నంబరు చూసుకుని ఇంటికి పరిగెత్తాను. జీవితంలో నేను అంత వేగంగా పరిగెత్తింది ఆ ఒక్కసారే. అత్తయ్యగారు వంటింట్లో కాఫీ కాస్తున్నారు.

"వచ్చిందండీ! నా నంబరుంది!"

ఆవిడ గిన్నె దించి, స్టవ్వు ఆపి, చేతులు తుడుచుకుని అడిగారు. "ఎంత తేడాతో?"

అది నాకు తెలియదన్నాను. "కనుక్కోవాలి కదమ్మాయ్," అంటూనే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఎదురింటావిడతో మొదలుపెట్టి, వీధి చివర పాస్టరుగారి ఇంటిదాకా ఒక్కో గడపా ఎక్కి ఏడాదంతా ఎలా జరిగిందో మొదట్నుంచీ చెప్పుకుంటూ పోయారు. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఆ గొంతులో అంత హడావుడి నేను కలకత్తా మ్యాచ్ రోజున కూడా వినలేదు.