సార్ గీసిన కుడి సగం

మా ఫ్యాక్టరీ ల్యాబులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. బట్టలు మార్చుకునే గదిలో లాకరులో పెట్టి పోవాలి. ఆ రోజు టీ వేళకి బయటికి వచ్చి లాకరు తెరిస్తే అమ్మ నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అమ్మ అంటే నన్ను కన్న అమ్మ కాదు, మా కెమిస్ట్రీ సార్ భార్య. పనివేళల్లో ఆమె నాకు ఎన్నడూ ఫోన్ చేయదు. తిరిగి చేశాను.

"సార్ పోయిన్రు బిడ్డా. పొద్దుగాల చాయ్ దీస్కపోయి లేపితే లేవలే," అంది.

సెలవు అడిగితే మా ఇన్‌చార్జి ఆయన మీకేమవుతారని అడిగాడు. మా సార్ అన్నాను. చిన్నప్పటి సారా అన్నాడు. కాదు, మొన్న ఆదివారం దాకా పాఠం చెప్పిన సార్ అన్నాను. బడికిపోయే కూతురున్న మనిషికి ఇంకా సార్ ఏంటన్నట్టు చూశాడు. అతనికి చెప్పే ఓపిక ఆ క్షణాన నాకు లేకపోయింది. మీకు చెబుతాను.

సార్ సంగారెడ్డిలో కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. పుట్టిన ఊరు కంది పక్కన, అన్నదమ్ముల పొలాలు ఇంకా అక్కడే ఉన్నాయి. తను మాత్రం పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఆదివారం పొద్దున ఆ ఇంటి ముందు గదిలో క్లాసు. మేమంతా పటాన్‌చెరు చుట్టూ మందుల కంపెనీల్లో పనిచేస్తూ, దూరవిద్యలో ఎమ్మెస్సీ కట్టినవాళ్లం. చాలామందివి ఇస్నాపూర్‌లో కిరాయి గదులు. షిఫ్టు దిగి, మొహం మీద నీళ్లు చల్లుకుని, షేర్ ఆటోలో వచ్చిపడేవాళ్లం. మా అందరినీ ఏడిపించే పాఠం ఒకటే, అణువుల సిమెట్రీ. ఒక అణువును ఏ గీత చుట్టూ తిప్పితే మళ్లీ అలాగే కనబడుతుంది, ఎక్కడ అద్దం నిలబెడితే రెండు సగాలూ సరిపోతాయి అని వెతికి, దాన్నిబట్టి అది ఏ పాయింట్ గ్రూపుకు చెందుతుందో చెప్పాలి. పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది.

సార్ పుస్తకం మూయించేవారు. కోత అయ్యాక తన అన్నగారి చేను నుంచి జొన్న కర్రలు తెప్పించేవారు. లోపలి బెండును ముక్కలుగా కోసి అణువులోని పరమాణువులు, పైతొక్కను సన్నగా చీల్చి వాటి మధ్య బంధాలు. చిన్నప్పుడు మేం దాంతోనే ఎడ్లబండ్లు చేసుకుని ఆడాం కాబట్టి చేతులకు కొత్తేమీ కాదు. అలా చేసిన నీటి అణువును బల్ల మీద పెట్టి, మాలో ఒకరిని కండ్లు మూసుకోమనేవారు. ఇంకొకరు దాన్ని తిప్పాలి, లేదా ముట్టుకోకుండా వదిలేయాలి. కండ్లు తెరిచినవాళ్లు ఏమైనా మారిందో లేదో చెప్పాలి. చెప్పలేకపోతే సార్ మొహం వెలిగిపోయేది. "గదే సిమెట్రీ. తిప్పినట్టు ఆనవాలు దొర్కొద్దు," అనేవారు. పాయింట్ గ్రూపు తేలక మేం కొట్టుకుంటుంటే, ముందు పెద్ద యాక్సిస్, అంటే తిప్పే గీత, వెతకమనేవారు. పెద్ద రోడ్డు దొరికితే గల్లీలు అవే దొరుకుతాయట.

ఏమీ చేయకపోవడం కూడా సిమెట్రీ లెక్కలో ఒక పనే. దానికి ఐడెంటిటీ అని పేరు. పరీక్ష రాసేవాళ్లు ఊరికే రాసి పారేసే ముక్క అది. మా నాన్న పోయినప్పుడు సార్ మా ఊరికి వచ్చి, వాకిట్లో షామియానా కింద పొద్దుగూకేదాకా నా పక్కన కూర్చున్నారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. నాకు ఒకింత కోపం కూడా వచ్చింది, వచ్చినాయన ఏదన్నా అనొచ్చు కదా అని. తర్వాత ఒకసారి అడిగేశాను. "ఐడెంటిటీ చేసిన బిడ్డా. ఆ పూట ఇంకేం జేసినా నీకు బరువే," అన్నారు. అప్పుడు ఏడ్చాను, నాన్న పోయినప్పుడు ఏడవనంత.

ఇక హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి. కాగితం మీద రెండు ఆక్సిజన్లు పక్కపక్కన, అటొక హైడ్రోజన్, ఇటొక హైడ్రోజన్. చూడగానే నడుమ అద్దం పెడితే సరిపోతుందనిపిస్తుంది. నేనూ అదే అన్నాను. సార్ నవ్వి నా చేతిలో సగం తెరిచిన పుస్తకం పెట్టారు. పుస్తకం వెన్ను మీద రెండు ఆక్సిజన్లు, ఒక హైడ్రోజన్ ఈ అట్ట మీద, ఇంకొకటి ఆ అట్ట మీద, ఒకటి పై కొసన, ఒకటి కింది కొసన. "మీ ల్యాబుల డబ్బాలకు డబ్బాలు ఉంటది. దాని మొఖం మాత్రం నువ్వు చూడలే," అన్నారు. దానికి అద్దం పనికిరాదు. సగం చుట్టు తిప్పితేనే అది మళ్లీ అదే అవుతుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దీని మీదే ఉంది.

ఒక వానాకాలం సార్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. కొన్నాళ్లకు కర్ర పట్టుకుని నడిచారు, మాటకు ఏ లోటూ రాలేదు. పోయింది వేరే ఉంది. కండ్లు బాగానే ఉన్నాయి గాని ఎడమవైపు ఒకటుందనే సంగతే ఆయన బుర్ర మరిచిపోయిందని డాక్టర్ చెప్పాడట. కంచంలో కుడి సగం తిని, కూర ఎందుకు పెట్టలేదని అమ్మను అడిగేవారు. కూర ఎడమపక్కనే ఉండేది. గడ్డం కుడి చెంప మీదే గీసుకునేవారు. చెబితే నమ్మేవారు కాదు, నాకంతా కనబడుతోంది, డాక్టర్‌కే తెలియదని కసిరేవారు. ఎప్పుడూ ఎడమపక్కన కూర్చుని పలకరించమని, అలాగైనా అటు తిరుగుతారని డాక్టర్ అమ్మకు చెప్పాడు. ఆమె ఆనాటి నుంచి కుర్చీకి ఎడమపక్కనే కూర్చునేది.

ఆ స్థితిలోనే క్లాసు మళ్లీ మొదలుపెట్టారు. అదొక్కటే ఆయనకు మిగిలిందని మాకు తెలుసు. ఒళ్లో పెట్టుకునే చిన్న తెల్లబోర్డు, లావు మార్కరు. మొదటి రోజే బెంజీన్ గీశానన్నారు. చూస్తే కుడి సగమే ఉంది, ఎడమ పక్క తెల్లగా వదిలేసి ఉంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో పెద్దవాడు, మేం అన్న అని పిలిచే రియాక్టర్ ఆపరేటర్, సార్ మంచినీళ్లు తాగుతుంటే బోర్డు అందుకుని సన్నటి పెన్నుతో మిగతా సగం గీసేశాడు. సిమెట్రీ చదువుకున్నవాళ్లకు అదెంత పని? సగం ఉంటే మిగతాది ఎవరైనా నింపొచ్చు. ఆదివారం తర్వాత ఆదివారం అలాగే గడిచింది. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ చూసేది. ఆయన సంబరం ఉండనీయండని మాకు సైగ చేసేది.

పెరాక్సైడ్ పాఠం వచ్చిన రోజున అది బయటపడింది. సార్ కుడి సగం గీశారు. ఒక ఆక్సిజన్, దాని మీద పైకి లేచిన హైడ్రోజన్. అన్న ఎప్పట్లా బోర్డు అందుకుని హడావిడిలో అద్దం పెట్టినట్టు నింపాడు, ఎడమ హైడ్రోజన్ కూడా పైకే. నేను చూసి చెప్పేలోపు సార్ బోర్డు తీసుకున్నారు. తిప్పితే అదే బొమ్మ వస్తుంది చూడండంటూ ఒంటి చేత్తో దాన్ని తలకిందులు చేశారు. మేం నింపిన ఎడమ సగం ఆయన కుడివైపుకు వచ్చింది. పైకి ఉండాల్సిన హైడ్రోజన్ కిందికి వేలాడుతోంది. లావు గీత ఉండాల్సిన చోట సన్నగీత ఉంది.

సార్ దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది నేను గీసింది గాదు," అన్నారు. "ఎన్నడిసంది నింపుతున్నరు?"

పాఠం ఆగిపోతుందేమో, ఆయన ఇక మార్కరు ముట్టరేమో అని భయమేసింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మొదటి ఆదివారం నుంచే సార్ అన్నాను.

"నింపుడు తప్పు గాదు. ప్రేమతోని నింపిన్రు, నాకు తెల్వదా? గని నాకు చెప్పకపోతిరి. సగం పోయిందని తెల్వనోడు ఎట్ల ఎతుక్కుంటడు బిడ్డా?"

ఆ మాట అని తల దించుకున్నారు. అమ్మ గుమ్మంలోనే కూలబడింది. సార్ భుజం మీది తువ్వాల కొసతో మా సన్నగీతలు తుడిచేశారు. బోర్డు తలకిందులుగానే ఉంది, ఖాళీ సగం కుడివైపుంది. మార్కరు పట్టుకుని, మెల్లగా రెండో ఆక్సిజనూ రెండో హైడ్రోజనూ తనే గీశారు. తర్వాత మా వైపు చూసి, "తిప్పితే దొర్కుతది," అన్నారు. అన్న ముక్కు చీదుకుంటూ బయటికి పోయాడు.

అక్కడి నుంచి ఆ ఇంట్లో తిప్పడమే పని అయింది. కుడి సగం గీసి "ఇగ తిప్పు" అనేవారు, మేం బోర్డు తిప్పేవాళ్లం, మిగతాది ఆయన గీసేవారు. అన్నం సగం తిన్నాక కంచం తనే తిప్పుకునేవారు. అమ్మ పిలిస్తే, ఎడమకు తిరగడం చేతకాక, కర్ర ఆనించుకుని కుడివైపు నుంచి చుట్టూ తిరుగుతూ పోయేవారు, ఆమె కనబడేదాకా. కనబడగానే "ఆఁ, దొర్కినవ్," అనేవారు. ఒకసారి మా ముందే ఆమెను ఆటపట్టించారు కూడా. ఏ సిమెట్రీ లేని అణువులుంటాయి, వాటి గ్రూపు పేరు సీ వన్, మీ అమ్మ గూడ సీ వన్, సగం చూసి మిగతాది చెప్పలేం, మొత్తం తిరిగి చూడాల్సిందే అన్నారు. అమ్మకు ఏం అర్థమైందో గాని ఆ రోజంతా మొహం దాచుకుని తిరిగింది.

నేను ఎమ్మెస్సీ పాసయ్యాను. అయినా ఆదివారం పోవడం మానలేదు. కొత్తగా వచ్చే పిల్లలకు బెండు కోసి ఇచ్చేదాన్ని, బోర్డు తిప్పేదాన్ని. అంతకన్నా పెద్ద పదవి నాకు ఇంకెక్కడా దొరకలేదని నిజంగా అనుకుంటున్నాను.

మొన్న కంది దగ్గర వాళ్ల అన్నగారి చేను గట్టున సార్‌ను సాగనంపి, అందరం మళ్లీ ఇంటికి వచ్చాం. ముందు గదిలో కుర్చీ అక్కడే ఉంది. కుర్చీలో బోర్డు. వచ్చే ఆదివారం కొత్త బ్యాచికి చెప్పాలని, పోయే ముందు రోజు సాయంత్రం గీసి పెట్టుకున్నారట. ఒక ఆక్సిజన్, పైకి లేచిన ఒక హైడ్రోజన్. ఎడమ సగం తెల్లగా ఉంది. అప్పటికే అలిసిపోయి, తిప్పి మిగతాది పొద్దున గీస్తాలే అన్నారని అమ్మ చెప్పింది.

కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మార్కరు అందుకుంది, మిగతాది తనకు వచ్చునంది. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను. బోర్డును మెల్లగా సగం చుట్టు తిప్పి, ఆయన ఒళ్లో ఉండే తీరునే మళ్లీ కుర్చీలో పరిచాను. సార్ గీత తలకిందులై ఎడమకు పోయింది. ఖాళీ సగం కుడివైపు, ఆయన చేయి అందేచోటికి వచ్చింది. అమ్మ వచ్చి ఎప్పట్లాగే కుర్చీకి ఎడమపక్కన కూర్చుని, మొహం కుర్చీ వైపు తిప్పి చూస్తూ ఉండిపోయింది.