ఒక్క పాయింటు చాలన్న మనిషి

కోచ్ గారు పోయారు. మా ఊరి పేపర్లో అయిదు వాక్యాల వార్త వచ్చింది. మొదటిది పోయారని, రెండోది ఏ ఊళ్లోనని, మిగిలిన మూడూ ఆయన ఓడిపోయిన ఆఖరి ఆట గురించి. పదిహేనేళ్లు మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీముని నడిపిన మనిషి. గెలిచిన ఆటలకి చోటు చాలలేదు కాబోలు. మా ఊరివాళ్లు చెడ్డవాళ్లని నేననను. జ్ఞాపకశక్తి ఎక్కువ, అంతే.

ఆ సాయంత్రం వాళ్లావిడ ఫోన్ చేసింది. "బుధవారం చర్చిలో. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి" అంది. వస్తానన్నాను. పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు.

"ఒకటి అడుగుతాను. బతికినన్నాళ్లూ జాగ్రత్తగా ఒక్క పాయింటుకే తన్నించిన మనిషి, ఆ రోజు ఎందుకు మనసు మార్చుకున్నాడు? ఎన్నిసార్లడిగినా నాకు చెప్పలేదు. మీకేమైనా చెప్పాడా?"

"గుర్తు తెచ్చుకుని చెప్తానమ్మా" అన్నాను.

గుర్తు తెచ్చుకోవడానికి నేనేం మర్చిపోలేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ సంగతి ముందుకు నడవదు. మొదలుపెడితే ఆగను, అది వేరే గొడవ. ఏడో తరగతితో బడికి నమస్కారం పెట్టినవాణ్ని. కృష్ణా జిల్లాలో ఒక పంచదార మిల్లు బాయిలర్ దగ్గర పాతికేళ్లు చెమట కార్చి, మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని డెబ్భైల చివర్లో ఆవిడ కొంగు పట్టుకుని ఒహాయోలో దిగాను. కాలేజీ బాయిలర్ హౌసులో పని దొరికింది. ఆవిరి ఎక్కడైనా ఒకేలా కాలుస్తుంది కాబట్టి పనికి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు మాత్రం పేపర్లో ఆటల పేజీ చదివి నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ఇంగ్లీషులో పరామర్శించడం రాదు, తిట్టడం వచ్చు.

వచ్చిన రెండో ఏడు, ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తున్నాం. ఒక ఇంటి ముందు గడ్డిలో 'అమ్మబడును' బోర్డులున్నాయి. ఒకటి కాదు, తొమ్మిది. తొమ్మిదీ తలో కంపెనీవి.

"ఏవండీ, ఇన్ని పాతారంటే వీళ్లు ఎంత తొందరలో ఉన్నారో! బేరం కుదురుతుంది, కొట్టండి బెల్లు" అంది మా ఆవిడ.

టై సర్దుకుని కొట్టాను. తలుపంత మనిషి తలుపు తీశాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"ఇల్లు చూద్దామని వచ్చామండీ. ఎన్ని బెడ్‌రూములు?"

ఆయన నన్ను చూశాడు, బోర్డుల్ని చూశాడు, మా ఆవిడ పట్టుచీర చూశాడు. గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మూడు. బేస్‌మెంట్‌లో చెమ్మ ఉంది, ముందే చెప్తున్నాను. రండి" అన్నాడు.

నిజంగానే గదిగదీ చూపించాడు. అటక కూడా. చివరికి కాఫీ పోస్తూ వాళ్లావిడ అసలు సంగతి చెప్పింది. ఇల్లు అమ్మకానికి లేదు. కోచ్ మీద కోపం వస్తే ఇక్కడి జనం ఊళ్లో ఉన్న బోర్డులన్నీ పీక్కొచ్చి ఆయన ముంగిట్లో పాతుతారట. ఊరొదిలి పొమ్మని దానర్థం. నాకు ఆ చెమ్మ బేస్‌మెంట్‌లోకే దూరిపోవాలనిపించింది.

"సిగ్గుపడకు. నిన్నటినుంచి మా గుమ్మం తొక్కిన మొదటి మర్యాదస్తుడివి నువ్వే" అన్నాడాయన.

ఆ ముందు రోజు ఆయన చేసిన నేరమేమిటంటే, ఆట తెలియనివాళ్ల కోసం చెబుతాను. బంతిని చేత్తో పట్టుకుని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. ఆ పైన రెండు దారులు. స్తంభాల మధ్యనుంచి తన్నితే ఒకటి, అది దాదాపు చేతిలో ఉన్నట్టే. తన్నకుండా మళ్లీ గీత దాటిస్తే రెండు, అది సగానికి సగం సార్లు అవదు. ఆ రోజుల్లో కాలేజీ ఆటకి అదనపు సమయం లేదు. సమానమైతే సమానంగానే ఇళ్లకి పోవాలి. మావాళ్లు ఆఖరి క్షణంలో గీత దాటి ఒక్క పాయింటు వెనక నిలిచారు. కోచ్ గారు తన్నించారు. సమానం. స్టేడియం మొత్తం సొంత టీముని గేలి చేసింది.

అక్కణ్నుంచి ప్రతి శుక్రవారం ఆయన బాయిలర్ హౌసుకి వచ్చేవారు. అది ప్రాక్టీసు మైదానం వెనకే ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. పైగా ఊళ్లో ఆయన్ని తిట్టనివాడు అక్కడ ఒక్కడున్నాడు. తిట్టనని కాదు, మొహం మీదే తిట్టేవాణ్ని.

"మీరు పిరికివాళ్లు కోచ్. గెలుపు మూడు గజాల్లో ఉంటే తన్నిస్తారా? నేనైతే రెండుకే వెళ్తాను. ఏడో తరగతి చదువుతో సముద్రం దాటి వచ్చానండీ నేను!"

"నువ్వు దాటావా, మీ ఆవిడ దాటించిందా?"

ఇలా ఉండేది ఆయన నోరు. కుర్రాళ్లతోనూ అంతే. ఓడిపోయి బస్సు ముందు ఏడుస్తున్న ఆటగాడితో, "నువ్వు ఏడవడం అయ్యాక చెప్పు, డ్రైవర్ కాఫీ తాగుతున్నాడు" అన్నారట. కానీ అయ్యేదాకా బస్సు కదలనివ్వలేదట. "ఓడిన పిల్లల్ని ఇంటికి చేర్చేది స్టాండ్స్‌లో అరిచేవాళ్లు కాదు, నేను" అనేవారు. ఒకసారి విద్యార్థులు ఆయన బొమ్మ చేసి లైబ్రరీ ముందు ఉరి తీస్తే, వెళ్లి కింద నిలబడి పరకాయించి చూసి, "నేనింత లావు లేను" అని వచ్చేశారు. ఆ సాయంత్రం మాత్రం ఆయన తెచ్చుకున్న కాఫీ తాగలేదు, కప్పు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నారు.

ఓ శుక్రవారం బాయిలర్ గేజ్ మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ ముల్లు ఎర్రగీత దాటనిస్తావా?"

"చచ్చినా దాటనివ్వను. ఆవిరి వదిలేస్తాను."

"అదేం? రెండుకి వెళ్లే వీరుడివి కదా?"

"అది వేరండీ. ఇది పేలితే నేను పోతాను."

"ఆ" అన్నారు. అంతే. కోటు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ వాదన అక్కడితో ఆపి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. నేను ఆపలేదు. అయిదారేళ్లు వారం వారం పోరాను. ఆయన కాంట్రాక్టు ఆఖరి ఏడు, నది అవతలి కాలేజీతో ఆఖరి ఆట. ఓడితే ఉద్యోగం ఉండదని ఊరంతా బాహాటంగా అనుకుంటోంది. సమానమైతే ఇంకో ఏడాది చూస్తామన్నట్టు కాలేజీ పెద్దలు నసుగుతున్నారు. శుక్రవారం కోచ్ గారు వచ్చి కూర్చున్నారు. ముఖం వడిలిపోయి ఉంది.

"మళ్లీ అదే పరిస్థితి వస్తే?" అన్నారు. అంతకు ముందెప్పుడూ నన్ను అడగలేదు.

నాకు ఒళ్లు పొంగింది. ఏడో తరగతివాణ్ని, కాలేజీ కోచ్ సలహా అడుగుతున్నాడు! "రెండుకి వెళ్లండి కోచ్. ఒక్కసారైనా మగాడిలా ఆడండి. ఈసారీ తన్నించారంటే మీ ముంగిట్లో మొదటి బోర్డు నేనే పాతుతాను" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు సరిగ్గా అదే పరిస్థితి వచ్చింది. దేవుడికి కూడా ఆటల పేజీ అంటే సరదా అనుకుంటాను. ఒక్క పాయింటు వెనక, గడియారంలో ఏమీ మిగల్లేదు. తన్నేవాడు అలవాటు కొద్దీ మైదానంలోకి పరుగెత్తాడు. కోచ్ గారు వాణ్ని వెనక్కి పిలిచారు. స్టేడియం లేచి నిలబడింది. పదిహేనేళ్లలో ఆయనకి అందిన మొదటి జయజయధ్వానం అదే. బంతి విసిరారు, అందుకునేవాడి వేళ్లకి తగిలి నేల మీద పడింది. జయజయధ్వానం వయసు పది సెకన్లు.

ఆదివారం డైనర్‌లో, అంటే మా ఊరి కాఫీ హోటల్లో, ఊరి పెద్దలందరూ ఉన్నారు. సమానాన్ని అసహ్యించుకుని తొమ్మిది బోర్డులు పాతినవాళ్లే, "సమానం చాలదూ? తన్నిస్తే పోయేది కదా" అని బల్లలు చరుస్తున్నారు. హార్డ్‌వేర్ షాపాయన నావైపు తిరిగాడు.

"నువ్వు ఆయన దోస్తువి కదా. నువ్వేమంటావు?"

అందరూ తినడం ఆపారు. నోట్లో ఉన్న గుడ్డు ముక్క నమలడానికి చాలాసేపు తీసుకున్నాను.

"తన్నించాల్సింది" అన్నాను.

"చూశారా! ఆవిరివాడికి తెలిసింది, ఆయనకి తెలియలేదు!" అని కుర్చీ జరిపి వాళ్ల బల్ల దగ్గర చోటిచ్చారు. ఆ ఊళ్లో నాకు ఎవరైనా కుర్చీ జరపడం అదే మొదటిసారి. కూర్చున్నాను. రెండో కాఫీ కూడా తాగాను.

సోమవారం ఆయన్ని తీసేశారు. ఈసారి ఆ ఇంటి ముందు ఒకే బోర్డు, నిజంది. కొన్నది మేమే. "ఇల్లు ఇమ్మని ప్రార్థన చేశాం గానీ, ఇలా ఇమ్మనలేదు కదండీ" అని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, వంటింటికి ఏ రంగు వేయాలో అడిగింది.

తాళాలిస్తూ కోచ్ గారు అన్నారు: "డైనర్‌లో నువ్వన్న మాట నాకు చెప్పారు."

"కోచ్, నేను..."

"మంచి నిర్ణయం. నువ్వింకా ఈ ఊళ్లో బతకాలి. నేనైనా అదే ఆడమనేవాణ్ని."

వెటకారమేమోనని ముఖంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. "మా ఆవిడకి నీ సలహా సంగతి చెప్పలేదు, చెప్పను. రెండుకి వెళ్లమన్నది నేను" అని కారెక్కారు. తర్వాత రెండు గంటల దూరంలో ఇంకో ఊళ్లో హైస్కూల్ పిల్లలకి కారు డ్రైవింగ్ నేర్పారు. అక్కడ మాత్రం జాగ్రత్తకి జీతమిచ్చారు.

బుధవారం వెళ్లాను. చిన్న చర్చి. పాత ఆటగాళ్లు ఓ డజను మంది, ఇప్పుడు బట్టతలలూ బొజ్జలూ. మా ఊరినుంచి హార్డ్‌వేర్ షాపాయన కూడా వచ్చి నాలుగో వరసలో కూర్చున్నాడు. నేను లేచి, ఇల్లు కొనడానికి బెల్లు కొట్టిన కథ చెప్పాను. నవ్వారు. చెమ్మ సంగతికి ఇంకా నవ్వారు. గేజ్ సంగతి చెప్పాను. తర్వాత, "ఆ ఆఖరి శుక్రవారం..." అన్నాను. ముందు వరసలో కోచ్ గారి ఆవిడ తలెత్తింది. వెనక షాపాయన ముందుకి వంగాడు.

"ఆ శుక్రవారం కూడా తన కాఫీలో సగం నాకు పోశారు. అంత మంచి మనిషి" అన్నాను.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం పత్రికకి ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఆ చర్చిలో ఉన్నవాళ్లు ఒక్కరూ ఇది చదవలేరు. అది తెలిసే రాస్తున్నాను.

వేదిక మీంచి దిగాను. పాస్టర్ గారు పాట నంబరు చెప్పారు. ఆర్గన్ దగ్గరామె చేతులు పైకెత్తింది, అందరూ పుస్తకాలు తెరిచి లేచారు. కోచ్ గారి ఆవిడ లేవలేదు. మూసిన పుస్తకంలో వేలు పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, నేను ఊపిరి తీసుకోవడానికే ఆగానన్నట్టు, నావైపే చూస్తోంది.