పెదవులు అతనివి, గొంతు గురువుగారిది

దరఖాస్తులో ఆ షరతు స్పష్టంగానే ఉంది. కంపెనీ పెట్టినవాళ్లు స్వయంగా మాట్లాడుతున్న ఒక నిమిషం వీడియో పంపాలి. నేను చదివాను, కంపెనీలో నా భాగస్వామి చదివాడు, మా వాళ్లలో డబ్బింగ్ చెప్పే గురువుగారికి తెలుగులో చెప్పి వినిపించాం కూడా. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఫిల్మ్ నగర్‌లో ఇన్నేళ్లు బతికినవాళ్లకు రాదు కూడా. ఇక్కడ తెర మీద పెదవులు కదిపేది ఒకరు, గొంతు ఇంకొకరిది. దాన్ని మోసమని ఎవరూ అనరు. అదొక పని, ఆ పని చేసేవాళ్ల మధ్యే నేను ఇరవయ్యేళ్లుగా అన్నం తింటున్నాను.

నేను డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాను. వేరే భాషలో తీసిన సినిమా తెలుగులోకి వస్తున్నప్పుడు, అక్కడ హీరో పెదవులు మూసుకున్నచోట ఇక్కడ కూడా పెదవులు మూసుకునే అక్షరమే పడాలి. ‘అమ్మా’ అన్నచోట ‘తల్లీ’ అని రాస్తే అర్థం సరిపోతుంది గానీ నోరు సరిపోదు. ఒక్క వాక్యం కోసం పూటంతా కూర్చున్న రోజులున్నాయి. చూసేవాళ్లకు మాత్రం డబ్బింగ్ సినిమా అంటే చులకన.

ఈ కుస్తీని తేలిక చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది నా భాగస్వామి. ఎర్రగడ్డలో పుట్టి పెరిగాడు, నేను పనిచేసే డబ్బింగ్ థియేటర్‌లోనే సౌండ్ ఇంజనీరుగా ఉండేవాడు, నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అక్కా అంటాడు. ఆ సాఫ్ట్‌వేర్ హీరో పెదవులు చూసి ఏ మాట అతుకుతుందో, ఏది అతకదో చెబుతుంది. దానికి ఇంకో పని కూడా ఉంది, మేము గొప్పగా చెప్పుకున్నది ఆ రెండోదాని గురించే. ప్రతి గొంతుకూ దాని యజమాని పేరు తగిలించి, దేనికి వాడుకోవచ్చో, దేనికి వాడకూడదో రాసిపెడుతుంది. ఈమధ్య మెషిన్లు ఒకసారి విన్న గొంతును పట్టుకుని ఎన్ని సినిమాలకైనా వాడేస్తున్నాయని మా డబ్బింగ్ కళాకారులందరికీ గుండెల్లో దడ. ఆ దడకు మా దగ్గర మందుందని దరఖాస్తులో మూడు పేజీలు రాశాను.

దరఖాస్తు ఎక్కడికంటే, ఐరోపాలో ఒక చిన్న దేశానికి. అక్కడి ప్రభుత్వం బయటి దేశాల నుంచి కొత్త కంపెనీలను ఏరి, కొన్ని నెలలు తమ దగ్గర ఉంచుకుంటుంది. వీసా ఇస్తుంది, కూర్చోడానికి ఆఫీసు ఇస్తుంది, పెట్టుబడి పెట్టేవాళ్లకు పరిచయం చేస్తుంది. దాన్ని ఆక్సిలరేటర్ అంటారని నాకు తెలిసిందే అప్పుడు. నా భాగస్వామి దీనికోసం ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. వాళ్లావిడ ఓపిక పట్టింది, పట్టింది, ఆఖరికి ఒక మాట అనేసింది. ఇది వస్తే సరే, రాకపోతే బెంగళూరులో తన అన్నయ్య చూపించిన ఉద్యోగంలో చేరాలి. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ అతను బెంగళూరు వెళ్తే నాకు మిగిలేది ఎలా నడపాలో తెలియని ఒక కంప్యూటర్. ఈ సీటు రాకపోతే మా కంపెనీ అక్కడితో సరి.

వీడియో ఫిల్మ్ నగర్‌లోనే ఒక డాబా మీద తీశాం. సాఫ్ట్‌వేర్ చేసింది అతనే కాబట్టి మాట్లాడేదీ అతనేనని అనుకున్నాం. తెలుగులో అతని మాట గలగలా పారుతుంది. ఇంగ్లీషులోకి రాగానే ప్రతి మాటా ముందు తెలుగులో తూచి, తర్వాత బయటికి వదులుతాడు. పైగా కింద ఎవరిదో షూటింగ్, జనరేటర్ వ్యాన్ రొద.

“అక్కా, నా ఇంగ్లీషు ఇంటే ఆళ్లు ల్యాప్‌టాప్ మూసి పారిపోతరు” అన్నాడు.

“పైలట్ ట్రాక్ అనుకుని కానిచ్చెయ్. తర్వాత గురువుగారితో చెప్పిద్దాం” అన్నాను. షూటింగ్‌లో పడే పచ్చి శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటాం. దాన్ని తీసేసి, పైన డబ్బింగ్ గొంతు వేస్తారు. ఆ మాట నా నోటికి కాఫీ తాగుదామా అన్నంత సులువుగా వచ్చింది.

గురువుగారిది శ్రీనగర్ కాలనీ. ముప్పయ్యేళ్లుగా హీరోలకు గొంతు ఇస్తున్న మనిషి. ఆయన మొహం ఎవరికీ తెలియదు. కూరగాయల బండి దగ్గర బెండకాయలెంత అని అడిగితే మాత్రం పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతారు. అది ఆయనకు మహా సరదా, అందుకే బేరం కాస్త గట్టిగా ఆడతారు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. ఇంగ్లీషు రాదు. కానీ తెలుగు లిపిలో రాసిస్తే లండన్‌లో చదివొచ్చిన మనిషిలా చదివేస్తారు. మా వీడియోకు ఒక్క టేకులో చెప్పేశారు. చూసుకుంటే నాకే ఒళ్లు జలదరించింది. పెదవులు అతనివి, గొంతు గురువుగారిది, ఎక్కడా అతుకు కనపడలేదు. అదే రోజు పంపేశాం.

మొదటి వడపోతలో నిలిచామని మెయిల్ వచ్చింది. వచ్చేవారం వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ, ముగ్గురు అడుగుతారట. నేను ఆ సంతోషంలో థియేటర్‌లో అందరికీ మిఠాయి పంచాను. సాయంత్రం గురువుగారికి ఫోన్ చేసి చెప్పాను.

“శుభం. ఇంటర్వ్యూకి నేను ఎన్నింటికి రావాలమ్మా?” అన్నారు ఆయన, చాలా మామూలుగా.

అప్పటిదాకా నా బుర్రకు తట్టనే లేదు. కాల్‌లో ఇతను నోరు విప్పగానే వీడియోలో గొంతు ఇతనిది కాదని వాళ్లకు తెలిసిపోతుంది. మేము చేసింది షరతు తప్పడమని అప్పుడు వెలిగింది.

థియేటర్ మెట్ల మీద నా భాగస్వామికి ఈ సంగతి చెప్పాను. “అక్కా, ముందే మెయిల్ పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేద్దం. మా దగ్గర గిట్లనే చేస్తరని చెప్తే ఇనరా?”

“ఎందుకు వింటారు? రూలు తప్పారని అక్కడికక్కడే కొట్టేస్తారు. నువ్వు బెంగళూరు బస్సెక్కుతావు” అన్నాను. నాకు భయం వేస్తే గొంతు పెద్దదవుతుంది. ఇంట్లోవాళ్లకు అలవాటే, అతనికీ అలవాటే.

అప్పుడు నేను వేసిన పథకం ఫిల్మ్ నగర్ బుర్రకే వస్తుంది. భాష రాని హీరోయిన్‌కి సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి డైలాగ్ అందిస్తుంటే ఆమె అంటూ పోతుంది. అదే ప్రాంప్టింగ్. మేమూ అదే చేద్దామన్నాను. జూబ్లీహిల్స్‌లో మా డబ్బింగ్ థియేటర్ ఎలాగూ నిశ్శబ్దంగా ఉంటుంది. కెమెరా ముందు ఇతను, కెమెరాకు కనపడకుండా మైకు దగ్గర గురువుగారు, వాళ్లిద్దరికీ ఎదురుగా తెల్లబోర్డుతో నేను. ప్రశ్న రాగానే జవాబు తెలుగు లిపిలో రాసి చూపిస్తాను, ఆయన చెబుతారు, ఇతను పెదవులు కదుపుతాడు. ఇతను ఏళ్ల తరబడి పెదవులనే చూసిన మనిషి కాబట్టి అది ఇట్టే పట్టుబడింది. గురువుగారికైతే ఉత్సాహం ఆగలేదు. “లైవ్‌లో చెప్పడం నాకూ కొత్తే. చూద్దాం, మన సత్తా ఏంటో!” అన్నారు మఫ్లర్ సర్దుకుంటూ.

వారమంతా రిహార్సల్. రావచ్చనుకున్న ప్రశ్నలన్నింటికీ జవాబులు రాసిపెట్టాను. అనుకోని ప్రశ్న వస్తే ఏం చేయాలన్నది మాత్రం తలుచుకోకుండా దాటేశాను. నా భాగస్వామి రోజురోజుకీ మాట తగ్గించేశాడు. ఒకరోజు టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుంటే ఏమైందని అడిగాను.

“అద్దం ముంగట పెదవులు కదుపుతుంటే మా ఆమె చూసింది” అన్నాడు. “ఏందయ్యా, నోట్ల నోట్ల ఏం నములుతున్నవ్ అనడిగింది. ఏం చెప్పాలె అక్కా?”

నేను నవ్వేశాను. అతను నవ్వలేదు. అప్పుడే నేను ఆగి ఉండాల్సిందేమో, కానీ ఆగే స్థితిలో లేను.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం, మైకు ఆ చప్పుడు పట్టుకుంటుందని ఏసీ ఆపేశాం. తలుపులు మూసిన థియేటర్‌లో ముగ్గురికీ చెమటలు. గురువుగారు మాత్రం వేడినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, సిద్ధం అన్నట్టు తలూపారు. కాల్ కలిసింది. తెరమీద ముగ్గురు కనిపించారు. వాళ్లలో పెద్దావిడ, తల నెరిసింది, నవ్వుతూ పలకరించి మొదటి ప్రశ్న అడిగింది. ఈ పని ఎందుకు మొదలుపెట్టారో మీ మాటల్లో చెప్పండి అని. అది మేము అనుకున్న ప్రశ్నే. నా ప్రాణం కుదుటపడింది. మొదటి జవాబు చదవమని వేలు చూపించాను.

గురువుగారు అందుకున్నారు. గంభీరమైన ఆ గొంతు గదంతా నిండింది. నేను నా భాగస్వామి వైపు చూశాను. అతని పెదవులు కదలడం లేదు.

భయంతో మర్చిపోయాడనుకున్నాను. నోరు చూపించి సైగ చేశాను. కదలలేదు. బోర్డు ఊపాను. కదలలేదు. గురువుగారి కళ్లు కాగితం మీద ఉన్నాయి, ఆయన రెండో వాక్యంలోకి, మూడో వాక్యంలోకి వెళ్లిపోతున్నారు. తెర మీద ముగ్గురూ ముందుకు వంగారు. మూసిన నోటితో ఒక మనిషి వాళ్ల ముందు కూర్చున్నాడు, ఎక్కడి నుంచో చక్కటి ఇంగ్లీషు వినపడుతోంది. నేను బల్ల కింద నుంచి అతని కుర్చీని తన్నాను. అతను నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యెత్తి గురువుగారిని ఆపాడు.

“సారీ మేడమ్” అన్నాడు కెమెరా వైపు తిరిగి. “దట్ ఈజ్ నాట్ మై వాయిస్.”

ఆ తర్వాత అతను మాట్లాడింది నాకు పూర్తిగా గుర్తులేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. మా దగ్గర సినిమాలు ఇలాగే తీస్తామని, వీడియో కూడా అలాగే తీశామని, తప్పని అప్పుడు తోచలేదని. ఒకచోట మాట దొరక్క చాలాసేపు ఆగిపోయాడు. నాకు బోర్డు మీద రాసి అందించాలనిపించింది, చెయ్యి లేవలేదు.

ఆ గొంతు ఎవరిదని పెద్దావిడ అడిగింది. గురువుగారికి ఇంగ్లీషు రాకపోయినా తన గురించేనని అర్థమైంది. లేచి, మఫ్లర్ సర్దుకుని, కెమెరా ముందుకొచ్చి నమస్కారం పెట్టారు. ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. నేనూ బోర్డు పక్కన పెట్టి కెమెరా ముందుకొచ్చాక, నన్ను అడిగింది, మీ దరఖాస్తులో ఈయన పేరు ఎక్కడ ఉంది అని.

లేదు. యజమాని పేరు లేకుండా ఏ గొంతూ వాడకూడదని మూడు పేజీలు రాసిన నేను, ఆ పేజీల్లో ఎక్కడా ఆయన పేరు రాయలేదు. మా సినిమాల్లో కూడా మామూలుగా వేయరండీ అని ఏదో చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. వాళ్లు మర్యాదగా ఇంకో రెండు ప్రశ్నలు అడిగి సెలవు తీసుకున్నారు.

“ఏమన్నారమ్మా?” అన్నారు గురువుగారు.

“మీ పేరు అడిగారండీ.”

“నా పేరా? దేనికీ?” అన్నారు ఆయన. నిజంగానే అర్థంకాక అడిగారు.

జవాబు మెయిల్ ఆ తర్వాతి వారం వచ్చింది. ఆలోచన బాగుందట, వీడియో నిబంధన పాటించనందువల్ల ఈ విడతకు తీసుకోలేమట. నేను ఆ ఫోన్ పట్టుకుని ఫిల్మ్ నగర్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర అతని మీద విరుచుకుపడ్డాను. ఆటోవాళ్లు తిరిగి చూస్తున్నా లెక్కచేయలేదు. ఆ రోజు గొంతు బాగోలేదని ఒక్క ముక్క చెప్తే సరిపోయేదిగా అన్నాను. పెదవులు కదపడానికి ఏం మాయరోగం అన్నాను. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోశావన్నాను. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు.

అతను అంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

“ఆయన గొంతుతోని సీటొస్తే అక్కా, గాడికి పోయినంక నేను పొద్దుగాల లేచి ఎవరి గొంతుతోని మాట్లాడాలె?” అన్నాడు.

ఎంత కష్టమైన పెదవులకైనా మాట అతికించి డబ్బులు తీసుకునేదాన్ని నేను. ఆ రోజు మాత్రం ఇద్దరి టీకీ డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ నెలాఖరుకి అతను బెంగళూరు వెళ్లి ఉద్యోగంలో చేరాడు. నాకు అతని మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అతను చేసింది తప్పని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరి దగ్గరా అనలేకపోయాను.