పిండి మీద గుడ్డు

కెనడాలోని బ్రాంప్టన్‌లో జానకమ్మగారి బేస్‌మెంట్‌లో చంద్రకళ అద్దెకు దిగింది రెండువేల ఇరవై రెండు ఆగస్టులో. ఊరు సిద్దిపేట పక్కన. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో డబ్బాలు మోయడం. తల్లి కొమురవెల్లి మల్లన్న శివసత్తి. పసుపు పూసుకుని జుట్టు విరబోసుకుంటే ఆమె ఒంటి మీదికి దేవుడొస్తాడు, ఊరంతా కాళ్లు మొక్కుతుంది. వీసా కాగితాల్లో మాత్రం తల్లి గృహిణి. కెనడా పోయే పిల్లకు అమ్మ నామోషీ అయింది మరి!

పక్క గదిలో మిరేయ్ ఉండేది. హైతీ మనిషి, నడివయసు, వృద్ధాశ్రమంలో ఉద్యోగం. చంద్రకళ జ్వరంతో పడిపోతే మూడు రోజులు సూప్ కాచి తాగించింది ఆవిడే. అప్పుడే ఆవిడ గది మూలలో చంద్రకళ చూసింది: పాముల మధ్య నిలబడ్డ ఒక క్రైస్తవ సాధువు పటం, గ్లాసుతో నీళ్లు, తెల్లపళ్లెంలో పిండి, పిండి మీద గుడ్డు.

అది వోడూ అనే తమ మతమని, ఆ గుడ్డు దంబలా అనే తెల్లసర్ప దేవుడిదని మిరేయ్ చెప్పింది. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చిన బానిసలకు మిగిలింది ఆ దేవుళ్లే. పూజ చేస్తే కొరడా దెబ్బలు. అందుకని యజమానుల సాధువుల పటాల చాటున వాళ్లను దాచుకున్నారు. డప్పు మోగితే దేవుడు మనిషి మీదికొస్తాడని చెబుతుంటే చంద్రకళకు ఏడుపొచ్చింది. తల్లి సంగతి ఆ దేశంలో మొదటిసారి నోరు విప్పి చెప్పుకుంది.

అక్టోబరులో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చూడటానికి కిందికొచ్చిన జానకమ్మగారు తెరిచిన తలుపులోంచి ఆ పళ్లెం చూశారు. చేతబడి అంటూ వణికిపోయారు. సినిమాల్లో బొమ్మలకు సూదులు గుచ్చడం తప్ప ఆవిడకేం తెలుసు? వెంటనే గది ఖాళీ చేయమన్నారు. వీధి వీధికీ విద్యార్థులు గదుల కోసం క్యూ కట్టిన రోజులవి, చలి ముంచుకొస్తోంది. మిరేయ్ బతిమాలింది. జానకమ్మగారు కొంచెం మెత్తబడి చంద్రకళ వైపు తిరిగారు.

"పక్కనే ఉంటున్నావుగా అమ్మా. ఇదేంటో నీకు తెలిస్తే చెప్పు. తప్పేం లేదని నువ్వంటే ఉండనిస్తా."

ఒక్క మాట చాలు. మా అమ్మ కూడా పుట్టకు గుడ్డు పెడుతుందని అంటే సరిపోయేది. కానీ అంటే రేపటి నుంచి జానకమ్మగారు తనను ఎలా చూస్తారు?

"నాకేం తెల్వదాంటీ," అంది.

మిరేయ్‌కు తెలుగు రాదు. ఆ దించుకున్న తల మాత్రం అర్థమైంది. పెట్టె సర్దుకుని వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మమ్మల్ని దాచుకోమన్నది కొరడాలు పట్టినవాళ్లు. నిన్నెవరు దాచుకోమన్నారు?"

మర్నాడు జానకమ్మగారు ఆ గదిలో పసుపునీళ్లు చల్లి, గుమ్మడికాయ తిప్పి కొట్టి, గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. ఆ ఇంట్లో మంత్రతంత్రాలు నిజంగా జరిగింది ఆ రోజే. కిటికీ ఉన్న ఆ గదిని చంద్రకళకే ఇచ్చారు.

నాగుల చవితికి తల్లి వీడియో కాల్ చేసింది. వెనక పుట్ట, పాలు, పసుపు.

"నీ పేరు మీద గుడ్డు పెట్టిన బిడ్డా. నీకు జరమొస్తే సూసుకున్నదంటివి గదా, ఆ అక్క పేరు మీద గూడ ఒకటి పెట్టిన. మంచిగున్నదా ఆమె?"

నెట్ సరిగా లేదని చెప్పి చంద్రకళ ఫోన్ పెట్టేసింది.