ముఖం మీద నాలుగు క్లిప్పులు

రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ చరిత్రను ఎవరైనా సక్రమంగా రాయదలిస్తే మెసిడోర్ చెవుల దగ్గర మొదలుపెట్టాలి. వీధి చివర చుక్కల బిళ్లలతో ఆడే డొమినో ఆటలో ఓడినవాడు ముఖానికి బట్టల క్లిప్పులు తగిలించుకోవాలి. మళ్లీ గెలిచేదాకా తీయకూడదు. దేశంలో ఒక రాజ్యాంగాన్ని తు.చ. తప్పక పాటించిన పౌరుడు మెసిడోర్ ఒక్కడే. ప్రధానమంత్రులు మారారు గాని అతని చెవులకు విముక్తి రాలేదు. గెలుపు దగ్గరపడే వేళకే కొండ దిగువన ముఠాలు తుపాకులు పేల్చేవి, ఆట ఆగిపోయేది, మర్నాడు మళ్లీ మొదటికొచ్చేది. "ఈ దేశంలో ఒక్కటంటే ఒక్కటైనా చివరిదాకా సాగనిస్తారా?" అని బల్ల గుద్దేవాడు.

ఆ బుధవారం చెవులకు రెండు, చెంపలకు రెండు క్లిప్పులతో కూర్చున్న మెసిడోర్ చేతిలో ఒకే బిళ్ల మిగిలింది. అది వేస్తే గెలుపే. ఎత్తిన చెయ్యి గాల్లో ఉండగానే ముఠా ఏకంగా వీధిలోకే వచ్చిపడింది. అతని భార్య సొలాంజ్ చేతికందిన దుప్పటి లాక్కుని, మొగుణ్ణి రెక్కపట్టి ఈడ్చుకుపోయింది. బడి గదిలో, పారిపోయి వచ్చిన జనం మధ్య కూలబడ్డాక గాని అతను పిడికిలి విప్పలేదు.

"ఒరేయ్ ఫాన్‌ఫాన్, చూడరా! ఈ బిళ్లతో నేను గెలిచినట్టే!"

"బల్ల అక్కడ తగలబడుతోంది. ఎక్కడ వేస్తావురా?" అన్నాడు ఎదురాటగాడు.

"అయితే క్లిప్పులు తీయను."

"బాగుంది సంబడం! ఇల్లు పోయి నేనేడుస్తుంటే ఈయనకి ఆట!" అంటూ సొలాంజ్ అతని ముఖం మీది క్లిప్పులు పీకేసి, రెండు కిటికీల మధ్య తాడు కట్టి, మరుగు కోసం దుప్పటి తెరలా వేసింది. అది జారకుండా నిలవడానికి నాలుగూ కావలసి వచ్చాయి.