రెండో కంటి మెచ్చుకోలు

మా అమ్మ నోటికి జడిసి మా వీధి కుక్కలు కూడా అవతలి సందులోంచి పోయేవి. సాగర్ డ్యాం ఇంకా కడుతున్న రోజులవి. నరసరావుపేటలో ఒక బడిలో కంటి శిబిరం పెడితే అమ్మ మొదటి కంటి శుక్లం తీయించుకొని వచ్చి, చీమ కుట్టినంత నొప్పి కూడా లేదని ఊరంతా చాటింది. నిజంగానే ఆ కంటికి పెద్దగా నొప్పి లేదు.

మా మేనత్తది కారంపూడి. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, చెంబును పిల్లి అనుకొని అదిలించేది. ఆపరేషనంటే మాత్రం గుడ్డు పీకి గోలీ పెడతారని ఆమె నమ్మకం. అమ్మా అత్తా వదినామరదళ్ళు గనక, ఒకరినొకరు దెప్పుకోనిదే మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. ఒకరి వంటను ఇంకొకరు మెచ్చుకోవడమంటే ఇద్దరికీ పరువు తక్కువ.

మరుసటేడు చలికాలం మళ్ళీ శిబిరం పెట్టినప్పుడు అమ్మ పందెం వేసింది.

"ముందు నా రెండో కన్ను కోస్తారు. నువ్వు పక్కనే కూచో వదినా. నా నోట్లోంచి అబ్బా అని ఒక్కసారి వచ్చినా లేచి ఇంటికి పో. రాకపోతే తెల్లారి నీ వంతు."

అత్త సరేనంది. ఇద్దరికీ తోడుగా నేను వెళ్ళాను.

పొద్దున్నే అమ్మకు కోశారు. తలకు అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి, రెండు కళ్ళకూ కట్టు కట్టి, కదలొద్దు, నమలొద్దు, నవ్వొద్దు అన్నారు. మధ్యాహ్నానికి మత్తు దిగి సలుపు మొదలైంది. ఈ కన్ను మొదటిదానికి చెల్లెలు కాదు, సవతి. నా చేతిలో అమ్మ వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. అబ్బా అనడానికి లేదు గనక తిట్లకు దిగింది. పోటు వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడింది. మా నాన్న, మా గేదె, తన పెళ్ళిలో నెయ్యి తక్కువ వడ్డించినవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. అత్త హాయిగా వింటూ కూర్చుంది. అమ్మ తిడుతోందంటే కులాసాగా ఉన్నట్టే లెక్క.

ఇంతలో కాంపౌండరు వచ్చి, అట్లా అరిస్తే కుట్లు తెగుతాయని కసిరిపోయాడు. ఇప్పుడు అమ్మ అబ్బా అందంటే అత్త ఈ జన్మకు చూపు మొహం చూడదు.

అమ్మ కాసేపు పళ్ళు బిగబట్టింది. తర్వాత సన్నటి గొంతుతో, "వదినా, నీ చేతి గోంగూర పచ్చడి పల్నాట్లో ఇంకెవరికీ రాదు" అంది. ఇంకాసేపటికి అత్త పిల్లల పెంపకాన్ని పొగిడింది. పొద్దు వాలేసరికి, కళ్ళకు కట్టు ఉండగానే, అత్త ముక్కు తీరు కూడా నచ్చింది.

అత్త తడుముకుంటూ అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంత నొప్పిగా ఉందా మరదలా?" అంది మెల్లగా. పందెం పోయింది, ఇక మూట సర్దుకుంటుందనుకున్నాను. ఆమె లేవలేదు. తనకోసం ఇంత ఓర్చుకున్నదాని ముందు పారిపోతే రేపు దాని దెప్పులు పడలేనని నాతో అంది. తెల్లారి నా భుజం పట్టుకొని ఆపరేషను గదిలోకి నడిచింది.

అది మొదటి కన్ను గనక ఆమెకు పెద్ద నొప్పేమీ లేదు. కట్టు విప్పాక కొత్త సోడాబుడ్డి కళ్ళద్దాల్లోంచి అమ్మను ఎగాదిగా చూసి, ఇంత ముసలిదానివయ్యావేందే అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పైయేడు అత్త రెండో కంటికి అమ్మా నేనూ తోడు వెళ్ళాం. మధ్యాహ్నం దాకా ఆమె అమ్మను చక్కగా దెప్పుతూ పడుకుంది. ఉన్నట్టుండి, "మరదలా, మా ఇంటికొచ్చిన కోడళ్ళలో నువ్వే చానా అందగత్తెవి" అంది.

అమ్మ గబుక్కున నా వైపు తిరిగింది.

"ఏమే, ఆ కాంపౌండర్ని పిల్చుకురా. మీ అత్తకు నొప్పి బాగా ఎక్కువైంది."